వాగు దిగేదాకా: మహదేవపూర్ దారుల్లో వానాకాలపు ప్రయాణం

మహదేవపూర్ ప్రాంతపు దారుల చరిత్రలో సగం నీళ్ల చరిత్రే. జయశంకర్ భూపాలపల్లి జిల్లా ఉత్తరపు కొసన ఉన్న ఈ మండలానికి ఒక పక్క మానేరు, మరో పక్క గోదావరి పారుతుండగా, మండలంలోనే ఉన్న కాళేశ్వరం దగ్గర ప్రాణహిత వచ్చి గోదావరిలో కలుస్తుంది. ఈ పెద్ద నీళ్ల నడుమ నేల అడవి, గుట్ట, చెరువు, చేను కలగలిసినది కావడంతో వానాకాలంలో ఒర్రెలు వాగుల్లోకి, వాగులు ఏట్లోకి పారుతూ ఊరికీ ఊరికీ మధ్య ఏదో ఒక నీటిపాయను అడ్డం పెడతాయి. ఒర్రె అంటే వాన పడినప్పుడు ఉరికి, వెలిసిన కొన్ని గంటల్లో ఎండిపోయే సన్నని పాయ. వాగు అంటే వానాకాలమంతా ఎంతో కొంత పారేది. హైదరాబాద్ రాజ్యంలో ఎలగందుల, ఆ తరవాత కరీంనగర్ పేరుతో నడిచిన జిల్లాలో మహదేవపూర్ ఒక తాలూకా కేంద్రంగా ఉండేది. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు అది భూపాలపల్లి జిల్లాలోకి వచ్చింది. జిల్లా పేరు మారింది గాని, తొలకరి పడగానే ఏ ఊరి దారి ముందు తెగుతుందో చెప్పే వరస మాత్రం పాతదే.

ఈ ప్రాంతంలో 'బండి' అన్న మాట రెండు తరాల్లో అర్థం మార్చుకుంది. ఒకప్పుడు బండి అంటే ఎడ్లబండి. ఇప్పుడు ఎవరైనా బండి తీస్తున్నారంటే అది మోటరు సైకిలే తప్ప మరొకటి కాదు. మాట మారినంత తేలికగా ప్రయాణపు పద్ధతి మారలేదు. వానలో ఎడ్లబండి తోలే మనిషి నేర్చుకున్న విద్యలో సగానికి పైగా ఎక్కడ ఆగాలో, ఎంతసేపు ఆగాలో తెలుసుకోవడం గురించినది. మోటరు సైకిల్ ఆ ఆగడాన్ని చిన్నతనంగా మార్చింది. గత అరవై ఏళ్లలో దారి బాగుపడిన ప్రతిసారీ జారే చోటు మారిందే గాని జారుడు పోలేదు. బండి బాగుపడిన ప్రతిసారీ ఆగవలసిన చోటును గుర్తించే పాత తెలివి కొంత అరిగింది. వానలో మోటరు సైకిల్‌ను భద్రంగా, ధైర్యంగా నడపడమనే విషయాన్ని ఇక్కడ ఈ రెండు మార్పులను పక్కపక్కన పెట్టకుండా అర్థం చేసుకోవడం కష్టం.

రోడ్లు లేని కాలంలో వాన ఈ ప్రాంతంలో ప్రయాణాన్ని ఆపడమే కాదు, ఒక రకం ప్రయాణాన్ని మొదలుపెట్టేది కూడా. గోదావరిలో సరుకు పడవలు నడవాలంటే ఏరు నిండుగా ఉండాలి, అంటే వానాకాలం రావాలి. 1860లో నిజాం ప్రభుత్వం గోదావరి ఎడమ ఒడ్డున ఉన్న సిరొంచ మొదలైన తాలూకాలను బ్రిటిష్ వారికి అప్పగించినప్పుడు, సిరొంచ కేంద్రంగా ఎగువ గోదావరి జిల్లా ఏర్పడింది. అంతకు కొంచెం ముందునుంచే నాగపూర్ వైపు పత్తిని ఏటి మీదుగా సముద్రానికి చేర్చాలన్న ఆలోచన ఆర్థర్ కాటన్ వంటి ఇంజనీర్లకు ఉండేది. ఆ దారికి మూడు చోట్ల రాతిగుట్టలు అడ్డు వచ్చాయి: మొదటిది దుమ్ముగూడెం, రెండోది మహదేవపూర్‌కు దిగువన ఇంద్రావతి కలిసే చోటికి దగ్గరి ఇచ్చంపల్లి, మూడోది ప్రాణహిత మీది దేవలమర్రి. అడ్డుల పక్కగా కాలువలు తవ్వి, లాకులు కట్టి పడవలను దాటించాలన్న పనులు 1860లలో కొంత సాగి, ఖర్చు పెరగడంతో 1871లో ఆగిపోయాయి. ఆ పథకం ఫలించకపోయినా ఒక సంగతి దాని వల్ల కాగితం మీదికెక్కింది: ఈ ప్రాంతంలో ఏడాదిని పన్నెండు నెలలుగా కాక, ఏరు పడవను మోసే నెలలు, మోయని నెలలుగా లెక్కించాలి.

ఏరు పడవను మోసే ఆ నెలల్లోనే నేలమీది దారి మనిషిని మోయడం మానేసేది. మహదేవపూర్ చుట్టుపక్కల పొలాల్లో నల్లరేగడి ఎక్కువ ఉన్నచోట, రెండు గంటల వానకే మట్టి బంకలా మారి ఎడ్లబండి చక్రపు ఇనుప పట్టాకు అతుక్కుని, చక్రం తిరగకుండా ఈడ్చుకుపోయే స్థితి వచ్చేది. ఎర్రమొరం ఉన్నచోట మట్టి అతుక్కోదు గాని పైపొర కొట్టుకుపోయి రాళ్లు తేలతాయి. బండి తోలేవారు ఏ నేల మీద ఏ వాన తరవాత ఎన్ని గంటలు ఆగాలో కార్తెల లెక్కన చెప్పుకొనేవారు. మిర్గం, అంటే మృగశిర కార్తె, వానలకు మట్టి పైపైన తడిసి వెంటనే ఆరిపోతుంది. పుష్యమి, ఆశ్లేష కార్తెల ముసురు నాలుగైదు రోజులు విడవక నేలను లోపలిదాకా నానబెడుతుంది. ఆ ముసురులో బండి కట్టడమంటే ఎద్దుల మెడలు కాయలు కాయించడమేనని అందరికీ తెలిసినదే.

వాగు దాటడంలో ఈ తెలివి మరింత సూక్ష్మంగా ఉండేది. వాగు ఎండిందా, పారుతోందా అన్నది ప్రశ్న కాదు. అది 'వస్తోందా', 'దిగుతోందా' అన్నదే ప్రశ్న. నీరు ఎర్రబారి, నురగతో, ఎండుటాకులతో, పుల్లలతో వస్తే ఎగువన కొత్త వాన పడిందని, దాటవలసిన చోట ఆకాశం నిర్మలంగా ఉన్నా కాసేపట్లో మట్టం పెరుగుతుందని అర్థం. నీటి అంచున ఒక పుల్ల గుచ్చి, లేదా ఒక రాయి పెట్టి, చుట్ట కాల్చేంతసేపు కూర్చుని చూడటం అందరూ చేసే పని. పుల్ల మునిగితే బండిని వెనక్కి తిప్పేవారు, పుల్లకూ నీటికీ మధ్య తడి ఇసుక కనిపిస్తే ఎద్దులను దించేవారు. ఇందులో ధైర్యం, పిరికితనం అన్న మాటలకు చోటే లేదు. వాగు దిగేదాకా ఆగిన మనిషిని ఎవరూ పిరికివాడనలేదు. ఆలస్యం వాగుదే, మనిషిది కాదు. ప్రయాణంలో జరిగే ఆలస్యపు నింద వాగు మీది నుంచి మనిషి మీదికి బదిలీ కావడం మోటరు బండితో మొదలైందని చెప్పడం అతిశయోక్తి కాదు.

తడవకుండా ఉండటానికి గొంగడే ప్రధానమైన ఆధారం. నల్లగొర్రె ఉన్నితో కురుమలు నేసే గొంగడికి చింతగింజల గంజి పెట్టడం వల్ల పోగులు దగ్గరికి బిగుసుకుని, చిరుజల్లు లోపలికి దిగక పైనుంచి జారిపోతుంది. గొంగడిని మూలకు మడిచి తలమీద టోపీలా పెట్టి, వీపు మీదుగా మోకాళ్లదాకా వేలాడేలా వేసుకునే తీరును కొప్పెర అంటారు. తరవాతి కాలంలో ఎరువుల సంచులు ప్లాస్టిక్‌వి కావడంతో యూరియా సంచి కూడా అదే మడతతో కొప్పెర అయింది. కొప్పెర నడిచే మనిషికి, బండి మీద కూర్చున్న మనిషికి అమరినంతగా మోటరు సైకిల్ నడిపేవారికి అమరదు. ఎదురుగాలికి అది తెరచాపలా లేచి కళ్లకు అడ్డం పడుతుంది. ఈ చిన్న ఇబ్బంది వల్లే రైన్‌కోటు పల్లెల్లోకి వచ్చిందనడానికి వీలుంది. రబ్బరు పూత బట్టలు మన దేశంలో కొత్తవి కావు. స్కాట్లాండ్‌కు చెందిన చార్లెస్ మ్యాకింటాష్ 1823లో అలాంటి బట్టకు పేటెంటు పొందగా, 1920లో కలకత్తాలో మొదలైన బెంగాల్ వాటర్‌ప్రూఫ్ సంస్థ 'డక్‌బ్యాక్' పేరుతో ఆ సరుకును దేశమంతటా అమ్మింది. అయినా పల్లెల్లో చాలాకాలం రైన్‌కోటు అనేది ఉద్యోగి వస్తువే.

తాలూకా కేంద్రాన్ని జిల్లా కేంద్రంతో కలిపే దారులు కంకర రోడ్లయ్యాక ప్రయాణపు వేగం పెరిగింది. కంకర రోడ్డు అంటే పగలగొట్టిన రాయిని పరిచి, మొరం చల్లి, నీళ్లతో తడిపి రోలరుతో తొక్కించినది, తారు ఉండదు. నిజాం రైల్వే శాఖ 1932 జూన్‌లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణాను మొదలుపెట్టిన తరవాత బస్సు అన్నది హైదరాబాద్ రాజ్యంలో క్రమంగా జిల్లాల్లోకి చేరింది. ఎడ్లబండి వాగు దగ్గర ఆగినట్టే బస్సూ ఆగేది, ఎందుకంటే వాగుల మీద కట్టినవి చాలావరకు చప్టాలు. చప్టా అంటే వాగు అడుగునే రాయితోనో కాంక్రీటుతోనో గట్టిపరిచి, వరద వచ్చినప్పుడు నీరు పైనుంచే పోయేలా కట్టిన తక్కువ ఎత్తు దారి. దాన్ని లోలెవల్ వంతెన అని, రోడ్ డ్యాం అని కూడా అంటారు. ఏడాదికి కొన్ని రోజులు దారి మునగడం ఆ కట్టడంలో లోపం కాదు, లెక్కలో భాగమే. ఎత్తైన వంతెనకు పెట్టే డబ్బును మిగిల్చి, ఆ కొన్ని రోజుల ఆలస్యాన్ని ప్రయాణికుడి వంతుగా వదిలిపెట్టే ఇంజనీరింగ్ బేరమది. దాని అంచున నలుపు తెలుపు రంగులతో నిలబెట్టిన రక్షణ రాళ్లు మునిగిపోతే దాటవద్దని అర్థం. పిట్టగోడ లేకపోవడానికీ కారణముంది: అది ఉంటే వరదలో కొట్టుకువచ్చే చెట్లు దానికి తట్టుకుని చప్టానే పెకిలిస్తాయి.

మోటరు సైకిల్ ఈ దారుల మీదికి మెల్లగా వచ్చింది. మద్రాసులో 1955 నుంచి ఎన్‌ఫీల్డ్ ఇండియా బుల్లెట్ బండ్లను, మైసూరులో 1961 నుంచి ఐడియల్ జావా సంస్థ జావా బండ్లను, ఉత్తరాన ఎస్కార్ట్స్ సంస్థ 1962 నుంచి రాజ్‌దూత్‌ను తయారు చేశాయి. పల్లెల్లో మొదట ఇవి అటవీ శాఖ, రెవెన్యూ శాఖ ఉద్యోగుల దగ్గర, తునికాకు, కలప వ్యాపారం చేసేవారి దగ్గర, కాస్త పొలమున్న ఇళ్లలో కనిపించేవి. పోలెండు దేశపు నమూనా మీద తయారైన రాజ్‌దూత్ 175 సీసీ ఇంజను గల బరువైన బండి. దాని ఇంజను రెండు స్ట్రోకులది, అంటే పెట్రోలులోనే ఆయిలు కలిపి పోయాలి. మట్టి రోడ్డు మీద అది గట్టి బండి అనిపించుకున్నా, వానలో మాత్రం దానికి రెండు బలహీనతలుండేవి. మొదటిది నిప్పురవ్వకు సంబంధించినది. ఆనాటి బండ్లలో పాయింట్లు అనే రెండు చిన్న లోహపు ముక్కలు తాకుతూ విడుతూ ఉంటేనే ప్లగ్గులో రవ్వ పుట్టేది. పాయింట్ల డబ్బాలోకి గాని, ప్లగ్గు టోపీలోకి గాని నీటి చెమ్మ చేరితే రవ్వ ప్లగ్గు దాకా పోక, తడి మీదుగా ఇంజను లోహంలోకి పారిపోయేది. వాగు మధ్యలో బండి ఆగిందంటే సాధారణంగా జరిగింది ఇదే.

ఆ తరవాత జరిగే పని ఇంచుమించు ఒక తంతు వంటిది. బండిని నెట్టుకుంటూ ఒడ్డుకు చేర్చి, డబుల్ స్టాండు వేసి, ప్లగ్గు టోపీ లాగి లోపల నోటితో ఊది, పానాతో ప్లగ్గు విప్పి, బనియన్ అంచుతో తుడిచి, దాని కొనకు పట్టిన నల్లమసిని అగ్గిపెట్టె పక్కనున్న గరుకుతోనో గరుకు కాగితంతోనో గీకి, మళ్లీ బిగించి, కిక్కు కొట్టడం. రాకపోతే ప్లగ్గును మళ్లీ విప్పి ఎండుగడ్డి మంట మీద వెచ్చచేయడం. సీటు కింద ఒక పానా, ఒక అదనపు ప్లగ్గు, ఒక పాత గుడ్డ ఉంచుకోకుండా వానాకాలంలో ఎవరూ దూరం బయలుదేరేవారు కాదు. ఈ తంతు నేర్పిన జాగ్రత్త ఒకటుంది: చప్టా మీది నీళ్లలోకి దిగేముందు బండిని ఆపి, పొగగొట్టం మునుగుతుందా, ప్లగ్గు తడుస్తుందా అని కళ్లతో కొలుచుకోవడం. పాయింట్లు లేని ఎలక్ట్రానిక్ జ్వలన పద్ధతి వచ్చాక బండి వానలో ఆగిపోవడం తగ్గింది. దానితోపాటు ఆగి కొలుచుకునే అలవాటూ తగ్గింది. యంత్రం మొండికేసిన రోజుల్లో ఆ మొండితనమే మనిషిని కొంత కాపాడేదన్నది ఎవరూ ఉద్దేశించని లాభం.

రెండో బలహీనత బ్రేకులది. ఆనాటి బండ్లకు డ్రమ్ము బ్రేకులే. చక్రం మధ్యలో ఉండే గుండ్రటి డబ్బా లోపలి గోడకు రెండు అర్ధచంద్రాకారపు ముక్కలు విచ్చుకుని ఒరుసుకుంటేనే బండి ఆగుతుంది. డ్రమ్ములోకి నీరు చేరితే ఆ ఒరిపిడి పోయి, వాగు దాటిన వెంటనే లీవరు ఎంత పిండినా బండి సాగిపోతూనే ఉంటుంది. దీనికి విరుగుడు నీళ్లు దాటాక కొంత దూరం బ్రేకును తేలికగా తొక్కి ఉంచి, ఆ వేడికి డ్రమ్ము ఆరేదాకా నెమ్మదిగా పోవడం. పాత బండ్లు నడిపినవారికి ఇది వేలికొసల మీది విద్య. ముందు చక్రానికి డిస్కు బ్రేకు వచ్చాక ఆరబెట్టే అవసరం చాలావరకు తీరింది.

అయితే ముందు బ్రేకు పట్ల పల్లెల్లో పాతుకుపోయిన భయం మాత్రం డిస్కుతో పోలేదు. ముందు బ్రేకు పట్టకు, బండి బోల్తా కొడుతుంది అన్న మాట ఈ ప్రాంతంలో బండి నేర్పే ప్రతివారూ మొదటిరోజే చెబుతారు. ఈ మాట ఉత్త మూఢనమ్మకం కాదు. అది కంకర రోడ్డు నేర్పిన పాఠం. వదులు కంకర మీద, తడి మొరం మీద ముందు చక్రం బిగుసుకుపోతే హ్యాండిలు పక్కకు మెలికపడి మనిషి పడటం ఖాయం కాబట్టి, వెనక బ్రేకుతోనే నెట్టుకురావడం ఆ రోడ్డు మీద తెలివైన పనే. కాని బ్రేకు వేసినప్పుడు బండి బరువు ముందుకు వాలి ముందు చక్రం మీద పడుతుంది. వెనక చక్రం తేలికవుతుంది. తారు రోడ్డు మీద ఆపగల శక్తిలో ఎక్కువ పాలు ముందు చక్రానిదే. అందువల్ల తడి తారు మీద వెనక బ్రేకును ఒక్కసారిగా తొక్కిన బండి ఆగకపోగా, తోక ఆడించినట్టు పక్కకు జారుతుంది. రెండు బ్రేకులనూ కలిపి, ముందుదాన్ని పిడికిలి బిగించినట్టు కాక పాలు పిండినట్టు మెల్లమెల్లగా పెంచుతూ పట్టడం తడిలో నిలిచే పద్ధతి. కంకర కాలంలో ప్రాణం కాపాడిన మాటే తారు కాలంలో ప్రాణం మీదికి తెచ్చింది. ఒక రోడ్డు మీద నేర్చుకున్న ఒడుపు రోడ్డు మారాక కూడా తండ్రి నుంచి కొడుక్కి అలాగే అందడమే దీనికి కారణం.

మోటరు సైకిల్ నిజంగా జనం బండి అయింది 1980ల తరవాతే. 1980లో టీవీఎస్ 50 మోపెడ్, 1985లో హీరో హోండా సీడీ 100, అదే ఏడాది యమహా ఆర్‌ఎక్స్ 100 వచ్చాయి. తక్కువ పెట్రోలు తాగే 100 సీసీ నాలుగు స్ట్రోకుల బండి, రెండెకరాల రైతు కూడా ఆశపడే వస్తువైంది, కట్నాల జాబితాల్లోకీ ఎక్కింది. ఈ ప్రాంతపు బతుకుతెరువులు వాన పడిందని ఇంట్లో కూర్చునేవి కావు. పత్తికి, వరికి ఎరువు వేయవలసింది వానలోనే. మహదేవపూర్ నేతకు పేరు తెచ్చిన దసలి పట్టు కూడా వానాకాలపు పంటే: నల్లమద్ది వంటి అడవి చెట్ల మీద పట్టుపురుగులను వదిలాక, పిట్టల నుంచి కాపాడుకోవడానికి పెంపకందారులు ముసురులోనూ అడవిదారి పట్టాలి. అందుకే ఇక్కడ తడి దారిలో బండి నడపడం సరదా కోసమో, సాహసం కోసమో పుట్టిన విద్య కాదు.

తారు రోడ్డును ఇక్కడ డాంబర్ రోడ్డు అంటారు. అది వచ్చాక బురద తగ్గింది. దాని బదులు మరో జారుడు వచ్చింది. భూపాలపల్లిలో సింగరేణి బొగ్గు గనులు, చెల్పూరు దగ్గర కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం, మహదేవపూర్ పరిసరాల్లో గోదావరి ఇసుక రేవులు కలిసి వరంగల్–పరకాల–భూపాలపల్లి–కాటారం–మహదేవపూర్–కాళేశ్వరం దారిని భారీ లారీల దారిగా మార్చాయి. ఈ దారిలో ఎక్కువ పాలు నేడు 353సీ జాతీయ రహదారిలో భాగం. తడి ఇసుకతో పోయే లారీ నుంచి నీళ్లు కారుతూ, ఇసుక రాలుతూ ఉంటుంది. మలుపుల్లో, స్పీడ్ బ్రేకర్ల దగ్గర ఆ ఇసుక పల్చని పొరగా పేరుకుంటుంది. దాని మీద బండి వాల్చి మలుపు తిరగబోయిన చక్రం కింద గుండ్రటి రేణువులు గోళీల్లా దొర్లుతాయి. ఈ పొర పొడిగా ఉన్నప్పుడు తెల్లగా కనిపిస్తుంది. వానలో తారు రంగులో కలిసిపోయి కనిపించదు.

తొలివానది ఇంకో మోసం. ఎండాకాలమంతా రోడ్డు మీద పడిన డీజిలు చుక్కలు, ఆయిలు, టైర్ల పొడి, బొగ్గు దుమ్ము మొదటి జల్లుకు నీటితో కలిసి జిగురుగా తేలతాయి. వాన ఆగకుండా కురిస్తే అర్ధగంటలో కొట్టుకుపోతాయి. కాబట్టి కుండపోత కన్నా సన్నని తొలకరి జల్లే చక్రానికి ప్రమాదం, చూడటానికి మాత్రం అది మెత్తగా ఉంటుంది. పొడి తారు మీద గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సరైన బ్రేకుతో సుమారు 14 మీటర్లలో ఆగగలిగితే, తడి తారు మీద పట్టు బాగా తగ్గడంతో అదే బండికి 25 మీటర్ల దాకా కావాలి. బ్రేకు పట్టాలన్న ఆలోచన చేతికి చేరేలోపు గడిచే ఒక్క సెకనులో పోయే మరో 14 మీటర్లు దీనికి అదనం. లోతైన నీటిపొర మీద వేగంగా పోయే టైరు నేలను వదిలి నీటి మీద తేలడాన్ని, విమానాల టైర్ల కోసం, అమెరికా అంతరిక్ష సంస్థ నాసా పరిశోధకులు 1963లో లెక్కగట్టారు. టైరులోని గాలి ఒత్తిడిని బట్టి ఆ వేగం మారుతుంది. చదరపు అంగుళానికి 25 పౌండ్ల గాలి ఉన్న టైరుకు ఆ లెక్క గంటకు సుమారు 83 కిలోమీటర్లని చెబుతుంది. మోటరు సైకిల్ టైరు సన్నగా, గుండ్రంగా ఉండటం వల్ల నీటిని పడవ ముక్కులా చీలుస్తుంది కాబట్టి అది తేలడం అరుదు. గాడులు పూర్తిగా అరిగిన 'గుండు టైరు'కు మాత్రం ఆ రక్షణ లేదు. తడిలో పట్టు పెరుగుతుందని గాలి తగ్గించి నడిపే అలవాటు కొందరిలో ఉంది. బురదలో పనికొచ్చే ఆ చిట్కా తారు మీద, పై లెక్క ప్రకారమే, తిరగబడుతుంది.

చట్టం ఈ మార్పుల వెంట కొంత ఆలస్యంగానే నడిచింది. 1988 మోటరు వాహనాల చట్టంలోని 129వ సెక్షను హెల్మెట్‌ను తప్పనిసరి చేసింది. వానలో హెల్మెట్ అద్దం లోపల ఆవిరి పట్టి దారి మసకబారుతుందని దాన్ని తీసి హ్యాండిలుకు తగిలించుకునేవారు ఎక్కువ. అద్దాన్ని వేలి మందం పైకెత్తి ఉంచితే ఆవిరి పోతుంది. 2017 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకు హెడ్‌లైటు ఎప్పుడూ వెలిగే ఉండాలన్న నియమం వచ్చింది, ముసురులో ఎదుటివారికి కనిపించడానికి ఇది బాగా పనికొచ్చింది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బండ్లకు ఏబీఎస్, అంటే చక్రం బిగుసుకుపోకుండా బ్రేకును క్షణంలో అనేకసార్లు వదిలి పట్టే ఏర్పాటు, తప్పనిసరి అయింది. 125 సీసీ లోపు బండ్లకు ఒక బ్రేకు పడితే రెండు చక్రాలకూ పంచే సీబీఎస్ చాలన్నారు. పల్లెల్లో తిరిగేవి చాలావరకు ఈ రెండో రకమే. ముందు బ్రేకును ముట్టని మనిషికి సీబీఎస్ ఆ పనిని తనంతట తానే కొంత చేసిపెడుతుంది. కంకర కాలపు భయానికి నియమాల్లో దొరికిన సమాధానం దాదాపు ఇదొక్కటే.

రోడ్డు కన్నా వంతెన ఈ ప్రాంతపు ప్రయాణాన్ని ఎక్కువ మార్చింది. కాళేశ్వరానికి, ఆవలి ఒడ్డున మహారాష్ట్రలోని సిరొంచకు మధ్య చాలాకాలం పడవే దిక్కు; మోటరు సైకిళ్లను కూడా నాటుపడవల మీద అడ్డంగా నిలబెట్టి, పెట్రోలు కుళాయి మూసి, ఇద్దరు పట్టుకుని దాటించేవారు. గోదావరి మీద వంతెన పూర్తయ్యాక ఆ పడవల అవసరం తగ్గింది. 2016లో శంకుస్థాపన జరిగి 2019 జూన్ 21న ప్రారంభమైన కాళేశ్వరం ఎత్తిపోతల పథకంలో భాగంగా మహదేవపూర్ మండలంలోనే మేడిగడ్డ దగ్గర 85 గేట్ల బరాజ్ వచ్చింది. వానాకాలంలో గేట్లెత్తిన బరాజ్‌ను చూడటానికి దూరపు ఊళ్ల నుంచి కుర్రాళ్లు బండ్ల మీద రావడం ఒక కొత్త ఆనవాయితీ అయింది. ఒకప్పుడు వాన ఇక్కడికి మనుషులను రానిచ్చేది కాదు. బరాజ్ వచ్చాక వాన కోసమే రావడం మొదలుపెట్టారు. 2023 అక్టోబర్ 21న బరాజ్ పియర్లు కుంగిన తరవాత ఆ ఉత్సాహం తగ్గింది.

ఎత్తైన వంతెనలు, వెడల్పు రోడ్లు వచ్చాక నీటి భయం గతంలోకి జారిందని అనుకునే సమయంలోనే వరుసగా మూడు వానాకాలాలు ఆ లెక్క తప్పని చూపాయి. 2022 జులైలో గోదావరి వరదకు మహదేవపూర్ మండలంలోని కన్నెపల్లి పంపుహౌస్ మునిగింది. ఆ నెల 16న భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది, 1986 ఆగస్టు నాటి 75.6 అడుగుల తరవాత అంతటి మట్టం అదే. 2023 జులై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి దగ్గరి మోరంచపల్లిని ముంచెత్తగా, ఇళ్ల మీదికెక్కిన జనాన్ని హెలికాప్టర్లతో, పడవలతో బయటికి తెచ్చారు. పొరుగున ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైంది. 2024 సెప్టెంబర్ 1న మహబూబాబాద్ జిల్లాలో ఆకేరు పొంగి మరిపెడ దగ్గర వంతెన మీదుగా పారింది. ఇంటికన్నె–కేసముద్రం మధ్య రైలుపట్టాల కింది మట్టి కొట్టుకుపోయింది. రైలుపట్టాలే గాలిలో వేలాడిన చోట నూరు కిలోల బండి ఎంత? పారే నీటి వేగం రెండింతలైతే అది తోసే బలం నాలుగింతలవుతుంది. నీరు మోకాలి దాకా చేరేసరికి బండి బరువులో కొంత నీరే మోస్తుంది కాబట్టి చక్రాలకు నేల మీది పట్టు తగ్గుతుంది. ఎడ్లకు నాలుగేసి కాళ్లు, పైగా నీటి తోపుకు ఎదురు నిలిచి వెనక్కి తగ్గే స్వభావం ఉన్నాయి. బండికి రెండు చక్రాలే, స్వభావం ఏదైనా ఉంటే అది నడిపేవారిది.

ఇప్పుడు వాగు పొంగిన రోజుల్లో చప్టాకు రెండు వైపులా పోలీసులో, పంచాయతీ సిబ్బందో తాడు కట్టో, ముళ్లకంప వేసో, ట్రాక్టరు అడ్డం పెట్టో దారి మూస్తారు. లారీలు, కార్లు ఆగుతాయి. ముళ్లకంపకు, రోడ్డు అంచుకు మధ్య మోటరు సైకిల్ పట్టేంత సందు దాదాపు ఎప్పుడూ మిగులుతుంది. ఆ సందు దగ్గర నిలబడ్డవారి చేతుల్లో ఫోన్లుంటాయి, ఎగువ ఊళ్లవారు పంపిన వాగు వీడియోలు వాటిలో తిరుగుతుంటాయి. వీడియో తీసి ఎంతసేపైందో ఎవరికీ సరిగ్గా తెలియదు. వారిలో పెద్దవయసు వాళ్లెవరైనా ఉంటే ఫోను వైపు చూడక, చప్టా అంచుకు దిగి, నీటి అంచున ఒక పుల్ల గుచ్చి, బండి స్టాండు వేసి దాని మీదే కూర్చుంటారు.